మల్లెలు కట్టిన వారం

సోమవారం పొద్దున ఐదున్నరకు మిల్లు బస్సు మా రోడ్డు మీదికి వస్తుంది. ఆ లోపల మా పాప కయల్ పాలసీసాకి అలవాటు పడాలి. మంగళవారం నుంచి ఇంట్లో ఇంకో మాట లేదు.

కయల్‌కి ఐదు నెలలు. నా పాలు తప్ప ఇంకేదీ ఎరగదు. మా ఆయన చెల్లపాండి పూల లారీ మీంచి జారిపడి, కాలికి కట్టుతో ముంగిట్లో మంచం మీద ఉన్నాడు. సోమవారం రాకపోతే నా మిషన్‌కి ఇంకొకరిని పెట్టుకుంటామని మిల్లు సూపర్‌వైజర్ ఫోన్ చేసి చెప్పాడు. వస్తానన్నాను. అతను పెట్టేశాక కూడా చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డానట. మా ఆయన చెప్పాడు.

పగలు సీసా, పొద్దునా సాయంత్రమూ నా పాలు అని నేను అనుకున్నాను. మా అత్త పేచ్చియమ్మ ఒప్పుకోలేదు.

"మిల్లుకు పోయొచ్చినోళ్ళవి వేడి పాలే. ఆ మిషన్ల వేడంతా ఒంట్లో పెట్టుకోనొస్తావు. అవి తాగితే బిడ్డకు బేదులే. నాగజోతి కొడుకును చూళ్ళేదా? నెలకంతా ఎండిన మునక్కాయ మాదిరి అయిపోలా?"

చూశాను. నాగజోతి మా వీధిదే, నాతో పాటు మిల్లులో చేసేది. ఆమె కొడుకు నిజంగానే చిక్కిపోయాడు. ఎందుకో నాకు తెలీదు. వేడి పాలు అని ఊరంతా అన్నారు. నేనూ అన్నాను.

"మాన్పిస్తే మొత్తం మాన్పించాల. రెండూ ఉంటే అది సీసా ముట్టదు. మల్లెలు కడదాం రా," అంది అత్త.

పాలు ఇంకిపోవడానికి మా వైపు రొమ్ములకు మల్లెలు కడతారు. పూలు కట్టడం అత్తకు చిన్నప్పటి నుంచీ పని. బుధవారం పొద్దున తోటనుంచి తెచ్చిన మొగ్గల్లో రెండు దోసిళ్ళు పక్కకు తీసి, అరటినారతో సందు లేకుండా కట్టింది. తలుపు మూసి, నన్ను గోడవైపు తిప్పి, దండలు చుట్టి, పైన పాత పంచెగుడ్డ బిగించింది. చల్లగా తగిలాయి.

"పెళ్ళయిన కొత్తలో గూడా నా కొడుకు నీకిన్ని పూలు తెచ్చినట్టు లేదే!"

బయట మంచం మీంచి ఆయన విన్నాడు. "తెచ్చినానమ్మా. నువ్వే మధ్యలో లాక్కోని అమ్మేసుకున్నావు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా.

పాలపొడి డబ్బా మీద రాసింది చదవడం నా వంతు. తొమ్మిదో తరగతి సగంలో మానేసినా, మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. కాచిన నీళ్ళు ముందు, పొడి తర్వాత. చెంచాడు తీసి పైన సమంగా గీకాలి. మళ్ళీ చదివాను. చెంచా నిండుగానా, సమంగానా అని మళ్ళీ చదివాను.

"ఎన్నిసార్లు చదివినా అదే గదే ఉంటాది? అదేమన్నా మీ అమ్మ రాసిన ఉత్తరమా?" అంది అత్త.

సీసా నోటికి పెడితే కయల్ రబ్బరు పీకను నాలుకతో బయటికి తోసింది. మళ్ళీ పెడితే మళ్ళీ తోసింది. మొహం తిప్పి నా రొమ్ము వెతుక్కుంది. గుడ్డ కింద మల్లెలు ముక్కుకు తగిలాయి. ఒక్కసారి ఆగి, అప్పుడు ఏడ్చింది.

"నువ్వు పట్టుకుంటే యెట్ల తాగుతాది? బిర్యానీ పక్కన పెట్టుకోని గంజి తాగమంటే తాగుతారా? ఇట్ల తే," అని అత్త తీసుకుంది. తన దగ్గరా తాగలేదు. చివరికి ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పోసింది. సగం మెడ మీదికి కారింది.

గురువారానికి రొమ్ములు రాళ్ళయ్యాయి. ఒళ్ళు కాలింది. మధ్యాహ్నానికి లోపలి పూలు గోధుమరంగుకి తిరిగి మెత్తగా అంటుకుపోయేవి. అత్త విప్పి కొత్తవి కట్టేది. నేను కయల్ తడిపిన గుడ్డలు లెక్కపెడుతూ ఉన్నాను. పొద్దుటి నుంచి రెండు. మామూలుగా ఐదో ఆరో అయ్యేవి. రెండేనత్తా అన్నాను. అత్త ఉగ్గుగిన్నె అందుకుంది. అంటే బిడ్డకు పాలు చాలడం లేదని తనకూ తెలుసు.

శుక్రవారం నన్ను ఇంట్లోంచి పంపేసింది. "నీ వాసన ఉన్నంతసేపూ అది సీసా పట్టదు. తూకం కొట్టు కాడికి పోయి కూర్చో. పిలిచేదాకా రావద్దు."

పూలు తూచే కొట్టు రోడ్డు పక్కనే, మా ఇంటికి ఆరిళ్ళ అవతల. ఖాళీ గోతాల మీద కూర్చున్నాను. కయల్ ఏడుపు అక్కడికి వినిపించింది. ఏడ్చిన ప్రతిసారీ నా రొమ్ము మీది గుడ్డ పాలతో తడిసింది. పొద్దుగూకాక ఇంటికి పోతే ఉగ్గుగిన్నెతో మూడుసార్లు పోశానంది అత్త. సీసా నిండుగానే ఉంది. కయల్ నా మొహం చూసి వెక్కింది. ఎత్తుకోబోతే అత్త అడ్డం వచ్చింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

శనివారం మళ్ళీ అదే గోతాల మీద కూర్చున్నాను. పూలు తూయించుకోవడానికి వచ్చినావిడ, "ఏమ్మే సుడరూ, మొగుడితో కొట్లాడి వచ్చినావా?" అంది. కాదన్నాను. "అయితే కొట్లాడు, ఊరికే కూర్చుంటే పొద్దుపోదు," అంది.

కయల్ ఏడుపు వినిపించింది. ఈసారి గుడ్డ తడవలేదు. వేలు లోపల పెట్టి చూసుకున్నాను. పొడిగా ఉంది. ఏడుపు ఇంకా వస్తూనే ఉంది. ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టు విన్నాను. కాసేపటికి ఆగిపోయింది.

ఫోన్ మోగింది. "తాగిందే! సీసా ఖాళీ! అమ్మ చెయ్యే చెయ్యి!" అని మా ఆయన అరిచాడు.

"సరే," అన్నాను.

"సరేనా? ఎగిరి గంతులేస్తావనుకున్నా."

"వస్తున్నా," అన్నాను. వెంటనే లేవలేదు.

ఆదివారం ఊరి నర్సు జెబమలర్ బరువులు చూడ్డానికి వచ్చింది. కయల్‌ని తూచి, కొంచెం తగ్గింది, ఏం పరవాలేదు అంది. కిటికీలో పాలడబ్బా చూసింది.

"మిల్లుకా? మంచిదే. పొద్దునా రాత్రీ నీ పాలే గదా?"

నేను అత్త వైపు చూశాను.

"అన్నీ మాన్పించేసినాం. మిల్లుకు పోయేవాళ్ళవి వేడి పాలు గదా నర్సమ్మా," అంది అత్త.

"వేడెక్కను లోపల పొయ్యేమన్నా పెట్టుకోనుందా పేచ్చక్కా, నీ కోడలు?"

"మరి నాగజోతి కొడుకు?"

"వాడికి బేదులు పట్టింది సీసా వల్ల. సగం తాగిన పాలు సాయంత్రందాకా అట్నే పెట్టి మళ్ళీ పట్టేవాళ్ళు. పీకను నీళ్ళల్లో వేసి కాచింది లేదు. ఆస్పత్రికి తీసుకుపోయింది నేనే." నర్సు నా మెడ దగ్గర పూలదండ నార చూసింది. గొంతు తగ్గించింది. "ఎన్నాళ్ళయింది కట్టి?"

"ఐదో రోజు."

"విప్పెయ్. ఇప్పుడైనా రొమ్ముకు పెట్టు. రోజూ పెడితే పాలు మళ్ళీ పడొచ్చు. పడకపోయినా నీ తప్పు కాదు. సీసా మాత్రం ప్రతిసారీ కాచు."

ఆమె వెళ్ళాక మల్లెలు విప్పేశాను. కడుక్కుని, కయల్‌ని ఒళ్ళో వేసుకున్నాను. నోట పట్టింది. నాలుగు గుక్కలు లాగింది. వదిలింది. ఏడవలేదు. నా వంక చూసి, తల తిప్పి, నోరు తెరుచుకుని సీసా కోసం వెతికింది.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. "నేను చెడు కోరి చేయలేదే," అంది.

"తెలుసత్తా."

"మా అమ్మ నాకు కట్టింది. నేను నీకు కట్టినా."

"తెలుసు. సీసా తీసుకురా. కాచే పెట్టినా."

నామీద నాకే కోపం రావాలి. అత్త మీదైనా రావాలి. వస్తుందేమోనని చూశాను. రేపు కాచాల్సిన నీళ్ళు, పెట్టుకోవాల్సిన సద్ది, గుర్తింపు కార్డు ఎక్కడుందో, అవే తోచాయి.

సోమవారం ఐదుంపావుకు అత్త అరుగు మీద కూర్చుని సీసా పడుతోంది. కయల్ రెండు చేతులూ సీసా మీద వేసి తాగుతోంది. "పోయొస్తానే," అన్నాను. కళ్ళు తిప్పలేదు. గుక్క గుక్కకీ సీసాలో బుడగలు లేస్తున్నాయి. అదే కదా మేం వారమంతా కోరుకున్నది. బస్సు హారన్ కొట్టింది, పోయాను.

సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, కయల్‌ని తీసుకుని గోడకానుకుని కూర్చున్నాను. జాకెట్టు విప్పాను. అత్త లేచి, పూలబుట్ట తీసుకుని బయటికి పోయింది. కయల్ పట్టింది. లాగింది. వదిలి, మళ్ళీ తనే పట్టింది.

"ఏమన్నా వస్తాందా?" అని మంచం మీంచి ఆయన అడిగాడు.

"తెలీదు," అన్నాను.

"నొప్పిగా ఉందా?"

"అదీ తెలీదు. మాట్లాడొద్దు, తాగనీ."