దేవిశ్రీ కుడి చెవి

హైస్కూలు పేరెంట్స్ కమిటీలోకి ఫ్లోరాను ఎన్నుకున్నప్పుడు, నర్సమ్మ వచ్చింది, ఇక పిల్లల బాగోగులకు లోటుండదని అందరూ సంబరపడ్డారు. ఆ ఏడాదే లెక్కల మాస్టారు వీర్రాజు పదో తరగతి దేవిశ్రీని చెంప మీద కొట్టాడు. లోపల నరం దెబ్బతింది, కుడి చెవికి ఇక వినికిడి రాదని డాక్టరు తేల్చేశాడు.

ఫ్లోరా ముందు చైర్మన్ ఎల్లారావు దగ్గరికి వెళ్లి, కమిటీ తరఫున పైకి ఫిర్యాదు చేద్దామంది. ఆయన టీ ఇప్పించి, మర్యాదగానే విన్నాడు. ఈ మాస్టారొచ్చాకే పిల్లలు లెక్కల్లో గట్టెక్కుతున్నారనీ, ఈయన పోతే ఆ పోస్టు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో తెలీదనీ చెప్పాడు. చివరికి, పిల్ల తండ్రి సరేనంటే తను అడ్డురానన్నాడు.

పిల్ల తండ్రి నీలకంఠం కూడా కమిటీ మెంబరే. ఆదివారం చర్చి నుంచి ఫ్లోరా నేరుగా కంచరపాలెంలో వాళ్లింటికి వెళ్లింది. దేవిశ్రీ గుమ్మంలో కూర్చుని చదువుకుంటోంది. కుడివైపు నుంచి పలకరిస్తే తలెత్తలేదు.

నీలకంఠం ఆమెకు కుర్చీ వేసి, తను గోడకానుకుని నిలబడ్డాడు.

"రేపు మీటింగులో మీరొక్క మాటంటే సాలన్నయ్యా. మిగతాది నాను సూసుకుంటాను."

ఆయన గుమ్మంలో ఉన్న కూతురి వైపు చూశాడు.

"మాస్టార్ని పంపీసినంత మాత్రాన దాని సెవి తిరిగొస్తాదా సిస్టరమ్మా? సెవి ఎలాగూ పోయింది. ఆయన పోతే టెన్త్ కూడా పోద్ది."

"రేపు ఇంకో పిల్లని కొడితేనో?"

"కొడతాడు. కొట్టినా నేర్పుతాడు. మనకి నేర్పీవోళ్లు ఇంకెవరున్నారు?"

ఆ మాట ఆయన తనకు తానే ఎన్నోసార్లు చెప్పుకున్నట్టుంది. కోపంతో వెళ్లిన ఫ్లోరాకు కోపం నిలవలేదు.

మర్నాడు మీటింగులో ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఫిర్యాదు చేద్దామనేవాళ్లు చెయ్యెత్తమన్నాడు ఎల్లారావు. ఆమె ఒక్కతే ఎత్తింది. నీలకంఠం నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి నొప్పెట్టాక ఫ్లోరా తనే దించుకుంది. అప్పటికే మాట మధ్యాహ్న భోజనంలో గుడ్ల మీదికి మళ్లింది.

ఆమె ఊరుకోలేదు. తన పేరుతోనే ఫిర్యాదు పంపింది. విచారణకు ఒకాయన వచ్చాడు. తండ్రి పక్కన నిలబడగా, ఆడుకుంటూ పడిపోయానని చెప్పింది దేవిశ్రీ. విచారణకు వచ్చినాయన ఆ పిల్ల కుడివైపు నుంచి గొణిగినట్టు ఇంకేదో అడిగాడు. తను చెప్పింది ఆయనకు వినపడలేదేమో అనుకుని, ఆ పిల్ల అదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది.

విచారణ అంతటితో ముగిసింది. వీర్రాజు మాస్టారు సుద్దముక్క తీసుకుని క్లాసుకెళ్లిపోయాడు.