కొంగ వేసిన చివరి బుట్ట

దుప్పటి జాడించి తీగ మీద వేసింది, దిండు గలీబులు పిండి పక్కన పెట్టింది, ఇక తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న చొక్కా ఒక్కటే మిగిలింది. ఆమె దానివైపు చూసి, చూడనట్టు తల తిప్పుకుని, గలీబులనే మళ్ళీ నీళ్ళలో వేసి రుద్దింది. ఆయన పోయి వారం దాటింది. ఈ వారంలో ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డనూ రెండేసి సార్లు ఉతికింది, ఆ చొక్కాను తప్ప.

సరస్సు ఒడ్డున ఆయన్ను అందరూ కొంగ అనేవారు, తెల్లారకముందే ఒంటరిగా నీళ్ళలో నిలబడి ఉంటాడని. కొంగజపమనే మాట లోకంలో ఉందిగానీ ఈ కొంగకు జపమూ రాదు, నటనా రాదు. చేప తాజాదేనా అని అడిగితే "నిన్నటిది. కొనకు," అనేవాడు. పెళ్ళైన కొత్తలో వంట ఎలా ఉందని ఆమె ఒక్కసారి అడిగింది, ఆ తర్వాత చాన్నాళ్ళు అడగలేదు. ఒకరి కింద పనిచేయలేదు, ఒకర్ని తన కింద పెట్టుకోలేదు. పడవలో తోడొస్తానన్న వాళ్ళను "నువ్వు మాట్లాడతావు," అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. అలాంటి మనిషితో కాపురం కత్తిమీద సామేనని చుట్టాలు జాలిపడేవారు. ఆమెకు మాత్రం హాయిగానే ఉండేది. ఆయన బాగుందన్నాడంటే బాగున్నట్టే, ఇంకెవరినీ అడగక్కర్లేదు.

తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వీధి చివర బట్టలు కుట్టే దుకాణం అతనిది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

"అవతలి గట్టు కూడా చూసొచ్చానక్కా. దొరకలేదు."

"సరిగ్గా చూశావా?"

"నాకు కుట్టుమిషను తెలుసుగానీ నీళ్ళేం తెలుసు? అంత సరస్సులో ఒక్క బుట్టను ఎక్కడని వెతకను?"

గోడ మీద వెదురు బుట్టలు వరసగా వేలాడుతున్నాయి, లోపలికి దారి ఉండి బయటికి దారి లేని చేపల బుట్టలు. వరసలో ఒక మేకు ఖాళీ. ఆ బుట్ట ఇంకా నీళ్ళలోనే ఉంది. ఎక్కడ వేసిందీ ఆయన ఎవరికీ చెప్పడు, గుర్తుగా ఒక బెండుముక్కైనా తేల్చడు. తీయని బుట్ట ఊరికే ఉండదు. చిక్కిన చేప చస్తుంది, దాన్ని తినడానికి ఇంకొకటి దూరుతుంది, అదీ చస్తుంది. వెదురు కుళ్ళేదాకా ఇదే తంతు. ఆయన బతుకంతా భయపడింది ఆ ఒక్కదానికే. ఒకసారి ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో, గాలివానలో పడవ తీస్తుంటే ఆమె అడ్డంగా నిలబడింది. "తినేవాడే చంపాలి. తప్పుకో," అన్నాడు. ఆమె తప్పుకుంది.

"పోనీలే అక్కా. బావే లేడు, ఇంక బుట్టదేముంది?"

"ఆయన లేడు కాబట్టే," అందామె.

బుట్ట జాడ పట్టే దారి ఆమెకు వారం నుంచీ తెలుసు. ఆమె బాధంతా అదే. బుట్ట దించేటప్పుడు ఆయన పడవ అంచున బోర్లా పడుకుని అడుగుదాకా చేతులు చాపేవాడు. అడుగు బురదంతా చొక్కా ముందుభాగానికి అంటుకునేది. సరస్సు అంతటా బురద ఒకటి కాదని ఆ చొక్కాలు ఉతికీ ఉతికీ ఆమెకు తెలిసింది. ఎండితే మాత్రం అంతా బూడిద రంగే. గోటితో గీకి చూసింది, ఏమీ తెలియలేదు. పూర్తిగా నానితేనే అసలు రంగు బయటపడుతుంది. రెల్లు వైపుది నల్లగా, కుళ్ళిన ఆకుల వాసన వేస్తుంది. కొండ వైపుది ఎర్రగా విడుతుంది. వాగు కలిసే చోటుదైతే మెరిసే ఇసుక అడుగుకు దిగుతుంది. నానబెడితే బుట్ట చోటు తెలుస్తుంది. కానీ ఆ చొక్కా కాలరులో ఆయన వాసన ఉంది, పొగాకు, చెమట, ఎండ కలిసిన వాసన. రోజూ నిద్రలేవగానే తలుపు వెనక ముఖం దాచుకుని నిలబడుతోంది. అది పోతే మళ్ళీ ఎక్కడా దొరకదు.

లేచి కొక్కెం నుంచి చొక్కా తీసింది. ముఖానికి ఆనించుకుని గుండెల నిండా పీల్చింది. తమ్ముడు వీధి వైపు తిరిగి టేపును వేలికి చుట్టుకోసాగాడు. ఆమె చొక్కాను తొట్టిలో ముంచేసింది. ఏడుస్తూనే రెండు చేతులా పిసికింది. నీళ్ళు ముందు మసకబారాయి, తర్వాత ఎర్రబడ్డాయి. అడుగున వేళ్ళకు ఇసుక గరుగ్గా తగిలింది.

"కొండ కింద, వాగు వచ్చి కలిసే మూల," అంది. "పద."

ఆయన ఉండగా ఆమె ఎన్నడూ పడవ ఎక్కలేదు. ఆ రోజు పొద్దెక్కినా మంచు విడవలేదు. తమ్ముడు తెడ్డు వేస్తుంటే ఒడ్డూ, ఇల్లూ, తీగ మీది దుప్పటీ ఒక్కొక్కటే కరిగిపోయాయి. పైనా కిందా ఒకటే తెలుపు. పడవ ముందుకు పోతోందో, సరస్సే వెనక్కి జరుగుతోందో తెలియలేదు. ముందెక్కడో ఆయన తెడ్డు వేసుకుంటూ పోతున్నట్టు, మీరిద్దరూ మాట్లాడతారని విసుక్కుంటున్నట్టు అనిపించింది. ఇద్దరూ మాట్లాడలేదు.

వారం కిందట, పోయిన రోజు సాయంత్రం, ఆయన ఇంటికొచ్చి, చొక్కా విప్పి తగిలించి, గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నాడు. "కాళ్ళు చల్లగా ఉన్నాయే. కాసిని వేణ్ణీళ్ళు పెట్టు," అన్నాడు. ఆమె నీళ్ళు తెచ్చేసరికి తలుపు చెక్కకు తల ఆనించి సరస్సు వైపు చూస్తున్నాడు. ఆయన పాదాలు బేసిన్లో పెట్టి రుద్దింది. చాలాసేపు రుద్దింది. నీళ్ళు చల్లారాక గానీ ఆమెకు తెలియలేదు.

కొండ కింది మూలలో తెడ్డుకు ఏదో తగిలింది. ఆమె పడవ అంచున బోర్లా పడుకుని భుజాల దాకా చేతులు ముంచింది. పాచి పట్టిన బుట్ట బరువుగా పైకొచ్చింది. నాలుగైదు చేపలు తెల్లగా తేలిపోయి ఉన్నాయి. మిగతావి కొట్టుకుంటున్నాయి. వెనక కట్టు విప్పి నీళ్ళలోకి వంచింది. ఒక్కొక్కటే జారిపోయాయి. చివరిది కదలక నిలబడితే "పో," అని తోసింది, అచ్చం ఆయనలాగే.

బుట్ట అడుగున ఇంకా ఏదో బరువుంది, మునగడానికి వేసిన రాయి. ఒక పక్క పాచి తుడిచి చూసి, ఆమె దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"ఏంటక్కా అది?"

"నా రోటి పొత్రం. ఇది పోయిందని పక్కింటావిడతో ఏడాది నుంచి మాటల్లేవు నాకు."

"బావను అడగలేకపోయావా?"

"అడగలేదురా. అడిగుంటే చెప్పేవాడు," అంటుండగానే ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు పడవ వెనక్కి తిప్పాడు.

సాయంత్రానికి చొక్కా ఆరింది. మడతపెట్టేటప్పుడు సబ్బు వాసన తప్ప మరేమీ రాలేదు. పొత్రాన్ని మాత్రం ఆమె కడగలేదు. అది వంటింటి కిటికీలో, పాచితో, ఎర్రమట్టితో, ఇంకా తడి తడిగానే ఉంది.