మొలతాడుకు తెలిసిన ఆకలి

నేను ఒక వెండి మొలతాడుని, ఒకప్పుడు జారిపోతూ ఉండేదాన్ని. ఆ జారడంలో ఎంత హాయి ఉండేదో ఈ ఇంట్లో ఎవరికి చెప్పను? ఇక్కడ బిగుతే ఆరోగ్యం.

వెంకాయమ్మ తన కాలి పట్టీలు కరిగించి, కొడుకు సూర్రావు కోసం నన్ను చేయించింది. వాడు కాలవ గట్టున గాలిపటం వెనక పరిగెడుతుంటే నేను తుంటి మీదికి జారేదాన్ని. ఒక చేత్తో నన్నూ నిక్కరునూ కలిపి పైకి లాక్కుంటూనే పరిగెత్తేవాడు. ఆ చెమట, ఆ ఎండ నాకింకా గుర్తు. ఇంటాయన చనిపోయిన ఏడు మాత్రం గంజి తాగి పడుకున్న రోజులున్నాయి. వాడికి నీళ్ళు పోస్తూ వెంకాయమ్మ నా వదులులో వేళ్ళు పెట్టి చూసి, మొహం తిప్పుకునేది.

ఇప్పుడు ఆమె మనవడు, ఎనిమిదేళ్ళ రిషి నడుముకున్నాను. బడి నుంచి వ్యాను, వ్యాను నుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి సోఫా. ఆఫీసు నుంచి వచ్చిన సూర్రావు కూడా ఫోను పట్టుకుని ఆ సోఫాలోనే ఒరుగుతాడు. వెంకాయమ్మ ఇద్దరి మధ్యా చెగోడీల పళ్ళెం పెడుతుంది. నేను బిగిసినప్పుడల్లా సంబరంగా కంసాలి చేత లింకులు కలిపిస్తుంది. పిల్లాడి బరువు తగ్గించాలని డాక్టరు చెప్పిన రోజున, "పాడు కళ్ళు పడ్డాయి" అంటూ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. మనుషులు నిజానికి కూడా దిష్టి తీసెయ్యగలరు!

నిన్న లిఫ్టు చెడిపోయింది. మెట్లెక్కుతూ రిషి ఊపిరందక మధ్యలోనే కూలబడ్డాడు. చొక్కా విప్పితే నడుము చుట్టూ ఎర్రగా నా అచ్చు. అది చూసి కూడా, అన్నాల దగ్గర వెంకాయమ్మ మళ్ళీ గరిటె ఎత్తింది.

"చాలు నానమ్మా."

"చాలేంట్రా, పిట్ట తిండీ నువ్వూనూ! నీ ఈడున మీ నాన్న ఎముకల గూడు. కడుపు నింపలేకపోయాను."

సూర్రావు ఫోను పక్కన పెట్టాడు. "అమ్మా, ఆ ఆకలి నాకు గుర్తే లేదే. కాలవ గట్టూ, పరుగులే గుర్తు."

"గుర్తు లేదా?" ఆమె గొంతు చిన్నదైపోయింది.

ఇన్నేళ్ళూ ఆమె తినిపిస్తున్నది రిషికి కాదు, గంజి తాగి పడుకున్న ఆ సన్నటి పిల్లాడికి. వాడేమో ఎప్పుడో లేచి ఆటకి వెళ్ళిపోయాడు.

గరిటె కాసేపు గాలిలోనే ఉండిపోయింది. తర్వాత వెంకాయమ్మ ఆ అన్నాన్ని తిరిగి గిన్నెలోకి వంపి, మూత పెట్టింది.