తలుపు కింది చెయ్యి

కొత్త గౌను మెడ వెనక కుట్టిన లేబుల్‌ని బ్లేడుతో విప్పుతున్నాను. కత్తిరిస్తే చాలదు, మిగిలిన అంచు ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. ఒక్కో కుట్టూ తెంపి, దారప్పోగులు గోటితో లాగి, ఆ చోటు నా పెదవికి ఆనించి చూసుకోవాలి. నా పెదవికి తగలకపోతే గువ్వ మెడకీ తగలదు. గువ్వ నా కూతురు. పదకొండేళ్ళు. ఆటిజం ఉంది, మాటలు లేవు. మెడ మీద ఉంటే ప్రాణం తీసే ఈ లేబులే చేతికిస్తే దానికి మహా ఇష్టం. ఒక రేకు డబ్బా నిండా పోగేసుకుంది. ఒక్కోటీ తీసి బొటనవేలితో నిమిరి మళ్ళీ లోపల పెడుతుంది.

"ఏడున్నర కావస్తోంది, పిల్లని తీసుకెళ్ళమ్మా" అని హాల్లోంచి అత్తయ్య కేకేశారు.

తీసుకెళ్ళడమంటే బాత్రూములోకి. ఏడున్నరకి సీరియల్ మొదలవుతుంది. దాని పాటలో ఒక ఆడగొంతు పైకి, ఇంకా పైకి వెళ్ళి అక్కడే నిలబడిపోతుంది. అది చెవిన పడితే గువ్వ తన మణికట్టు కొరుక్కుంటుంది. ఈ ఇంట్లో ఆ గొంతు కాస్త మెత్తబడేది బాత్రూములోనే. కుళాయి సన్నగా తిప్పితే గువ్వ ఆ ధార కింద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. నేను బకెట్టు బోర్లించుకుని తలుపుకి వీపు ఆనించి కూర్చుంటాను. అరగంట. సౌండు తగ్గించమని అడగలేదా అంటారేమో, అడిగాను. తగ్గిస్తే అత్తయ్యకి వినపడదు. మా ఆయనకేమో రాసిన మాట ఎలా పలికిందో సరిగ్గా తెలియాలి.

ఇంతకీ ఆ సీరియల్ దేని గురించంటే, ఆటిజం ఉన్న ఒక పాపని పెంచుకుంటున్న కుటుంబం గురించి. రాసేది మా ఆయనే.

నవ్వొస్తే నవ్వండి. నాకూ మొదట్లో నవ్వొచ్చేది. హాల్లో తల్లీ కొడుకులు ఆ పాప కోసం ముక్కులు చీదుకుంటూ ఉంటారు, ఆ పాప ఎవరిని చూసి పుట్టిందో ఆ పిల్ల ఇక్కడ బాత్రూములో ఉంటుంది. రెండేళ్ళుగా వస్తున్న ఆ సీరియల్‌ని నేను తలుపు ఇవతలి నుంచి వినడమే తప్ప ఒక్క రోజూ పూర్తిగా చూడలేదు.

అతను రాసే పద్ధతి ఒకటుంది. రోజూ పొద్దున టీ గ్లాసు పక్కన నీలం నోటుపుస్తకం తెరిచి, "ఊఁ, నిన్న ఏం జరిగింది?" అంటాడు. నేను గువ్వకి జుట్టు దువ్వుతూ, బ్యాగు సర్దుతూ చెబుతాను. బస్సులో ఎవరో దాని భుజం తట్టినందుకు అది నేల మీద పడి పొర్లితే, నేనూ పక్కనే నేల మీద పడుకున్నాననీ, అప్పుడది నన్ను చూసి ఆగిందనీ చెబుతాను. మూడు వారాల తర్వాత సీరియల్లో బస్సు. పాప పొర్లుతుంది, పక్కన నేల మీద పడుకునేది తండ్రి. లేబుళ్ళు విప్పేదీ తండ్రే. గోళ్ళు కత్తిరించే ముందు ఒక్కో వేలి మీదా ముద్దు పెట్టేదీ తండ్రే. మరి తల్లి ఏం చేస్తుంది? ఇస్త్రీ నలగని బట్టల్లో కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తుంది. "నాకేనా ఇలా జరగాలి?" అంటుంది. తండ్రి వచ్చి ఆమె కన్నీళ్ళు కూడా తుడుస్తాడు.

ఒకసారి అడిగాను, "అవన్నీ నేను చేసినవి కదండీ" అని.

"చేశావు, కాదన్నానా? కానీ తల్లి చేస్తే అది పనిలాగే ఉంటుంది. అదే తండ్రి చేస్తే కథ అవుతుంది" అన్నాడు. పైగా అది నోటుపుస్తకంలో రాసుకున్నాడు కూడా, బాగుందనిపించి.

పొద్దుటిపూట గువ్వ దాని స్కూల్లో ఉండే ఐదు గంటలూ నేను ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తాను. ఒంటిగంటకల్లా పరుగెత్తుకెళ్ళి తెచ్చుకోవాలి, అందుకే అక్కడ సగం రోజు మనిషిని. అద్దాల సంగతి నాకన్నా తెలియని కుర్రవాళ్ళు నా ముందే పెద్ద కౌంటర్‌కి మారిపోయారు. దుకాణం యజమానురాలు మంచిదే, పూర్తి రోజు ఉంటానంటే ఎప్పుడైనా సరే అంటుంది. ఒకరోజు ఆవిడే ఒక కస్టమర్‌తో గొప్పగా, "ఆ సీరియల్ రాసేది ఈవిడ భర్తే" అంది. కస్టమర్ అద్దాల్లేని కళ్ళతో నన్ను తేరిపార చూసింది. "ఎంత అదృష్టవంతురాలివమ్మా! మా ఆయనకి పిల్లలు ఏ క్లాసో కూడా తెలీదు" అంది. ఆ రోజు ఇంటికొచ్చి ఊరికే మా ఆయన్ని అడిగి చూశాను. "నాలుగనుకుంటా" అన్నాడు. గువ్వ స్కూల్లో క్లాసులే ఉండవు.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. రెండు నెలల క్రితం ఒక పొద్దున అతనికి సీన్ దొరకలేదు. షూటింగు ఆగిపోయేలా ఉంది. "ఏదో ఒకటి చెప్పవే, గుర్తు తెచ్చుకో" అని వెంటపడ్డాడు. నాకు ఆ ముందురోజు నుంచీ జ్వరం. చిరాకొచ్చింది. ఉక్రోషం కూడా. జరిగినవన్నీ నువ్వు చేసినట్టు రాసుకుంటున్నావుగా, జరగనిది కూడా నీ పేరునే చెబుతాను, ఏమంటావో చూద్దాం అనుకున్నాను.

"ఒకరోజు మేము బాత్రూములో ఉన్నాం" అన్నాను. "మీరు సీరియల్ మధ్యలో లేచి వచ్చారు. తలుపు బయట నేల మీద కూర్చున్నారు. వడ్రంగి ఎక్కువ కోసేసిన ఆ కింద సందులోంచి చెయ్యి లోపలికి చాపారు. చాలాసేపు అలాగే ఉంచారు. గువ్వ వచ్చి వాసన చూసి, తన తడి చెయ్యి మీ చేతి మీద పెట్టింది."

'నేనెప్పుడు చేశాను?' అంటాడని ఎదురుచూశాను. అంటే చాలు, మిగతా మాటలన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అతను పెన్ను కింద పెట్టాడు. కళ్ళు చెమర్చాయి. "అవునే, నేను మర్చేపోయాను" అన్నాడు.

ఆ సీన్ వచ్చిన రోజు నేనూ గువ్వా మామూలుగానే బాత్రూములో ఉన్నాం. అవతల తండ్రి గొంతు వినబడింది, "నాన్నని రా బంగారం, నాన్న చెయ్యి" అని. నా కళ్ళు వద్దన్నా వినకుండా తలుపు కిందికే పోయాయి. సందులో హాలు వెలుతురు తప్ప ఏమీ లేదు. నేను కల్పించిందే, జరగలేదని అందరికన్నా నాకే బాగా తెలుసు, అయినా చూశాను. అంతగా కోరుకున్నానని నాకే అప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత జనం ఆ సీన్ గురించే మాట్లాడారు. అత్తయ్య మా ఆడపడుచుకి ఫోన్లో, "నేను కళ్ళారా చూశానే, వీడు నేల మీద అలా బోర్లా పడుకుని..." అని చెబుతుంటే విన్నాను. ఇప్పుడు చానల్ వాళ్ళు మా ఇంటికే వస్తామన్నారు. అసలు తండ్రి, అసలు పాప, అసలు తలుపు. అతను సరేనన్నాడు. అప్పుడు చెప్పాను, అది జరగలేదనీ నేనే కల్పించాననీ.

అతను నవ్వాడు. "జరక్కపోతే నాకెలా గుర్తుంటుంది? నేల చల్లగా ఉంది. మోకాలు కూడా నొప్పెట్టింది" అన్నాడు. అబద్ధం చెబుతున్న మొహం కాదు అది. "నీకు అలసట ఎక్కువైంది. రేపొక్క అరగంట. నువ్వు లోపలే ఉంటావుగా, దాని చెయ్యి పట్టుకుని బయటికి జరుపు చాలు. కాకపోతే నీ చెయ్యి కనపడకూడదు, కాస్త చూసుకో."

ఈ గౌను చానల్ వాళ్ళు పంపిందే. చివరి కుట్టు తెగింది. లేబుల్‌ని గువ్వ అరచేతిలో పెట్టి, పిల్లని తీసుకుని బాత్రూములోకి వెళ్ళాను.

మర్నాడు గువ్వకి స్కూలు మాన్పించాం, పది గంటలకి వాళ్ళు వచ్చారు. లైట్లు, నల్ల తీగలు, ఎనిమిది జతల చెప్పులు. దర్శకుడు మర్యాదస్తుడే, నన్ను "మేడమ్" అన్నాడు. "మీరు గోడ వైపు ఇంకొంచెం ఒదగండి మేడమ్, పాప చెయ్యి మాత్రం కింద సందులోకి రావాలి" అన్నాడు. నేను ఒదిగాను. ఒదగడంలో నాకు అనుభవం తక్కువేం కాదు. బయట నుంచి తలుపు వేశారు. అంతలో ఎవరో ఫీలింగ్ కోసమని ఆ పాట పెట్టారు.

గువ్వ మణికట్టు నోట్లోకి పోయింది. కుళాయి తిప్పబోయాను. "నీళ్ళ చప్పుడు వద్దు మేడమ్" అన్నారు బయట. దాన్ని ఒళ్ళోకి లాక్కుని రెండు చెవులూ నా అరచేతులతో మూశాను. ఇక దాని చెయ్యి జరపడానికి నాకు మూడో చెయ్యి లేదు.

అప్పుడు తలుపు కింద నుంచి చెయ్యి వచ్చింది. నిజంగా వచ్చింది. పెళ్ళినాటి ఉంగరం, సిరా మరక అంటిన చూపుడువేలు. ఆ సీన్ వచ్చిన రోజు నుంచీ ఆ సందు వైపు చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆ చెయ్యి అక్కడుంటే గువ్వ చెవుల మీద నా అరచేతులు సడలాయి. గువ్వ కూడా చూసింది. నా ఒళ్ళోంచి జారి, మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి, వంగి దాన్ని వాసన చూసింది. గువ్వ మనుషుల్ని చేతుల వాసనతో గుర్తుపడుతుంది. నా చెయ్యయితే వాసన చూసి చెంపకి ఆనించుకుంటుంది. స్కూల్లో ఆయా చెయ్యీ అంతే. బస్సులో తెలియనివాళ్ళదైతే వాసన చూసి, తన ముక్కు భుజానికి రుద్దుకుని మొహం తిప్పేసుకుంటుంది.

గువ్వ ముక్కు భుజానికి రుద్దుకుంది. మొహం తిప్పేసుకుని వచ్చి మళ్ళీ నా అరచేతుల మధ్య తల పెట్టింది.

"జరుపు, జరుపు" అని మా ఆయన గుసగుసలాడాడు.

"ఆ చెయ్యి దీనికి తెలీదండీ" అన్నాను. మెల్లగానే అన్నాను గానీ అతని చొక్కాకి మైకు పెట్టారు కదా, అందరికీ వినపడే ఉంటుంది. "ఆయన ఈ తలుపు దగ్గరికి ఏనాడూ రాలేదు. ఆ కథ నేనే కల్పించాను. ముందా పాట ఆపండి, దీనికి పడదు."

పాట ఆగింది. చెయ్యి వెనక్కి పోయింది. ఇక ఏదో ఒకటి అవుతుంది, అతను అరుస్తాడో, అత్తయ్య ఏడుస్తారో, ఏదైనా సరే అవనీ అనుకున్నాను. అప్పుడు దర్శకుడి గొంతు వినబడింది, చాలా ప్రశాంతంగా. "పర్లేదు సార్. ఆడియో తీసేసి పాట వేసేద్దాం. పాప చెయ్యి మన సీరియల్ పాపది కలిపేస్తాం. ఇల్లు బాగా వచ్చింది."

మా ఆయన నాతో ఆ విషయమే ఎత్తలేదు. సాయంత్రం టీ అడిగాడు, ఇచ్చాను. పోట్లాడినా బాగుండేది.

వారం తర్వాత ఏడున్నరకి అది ప్రసారమైంది. మేము లోపలున్నాం. నేను ఆ మాటలన్న చోట ఆ ఆడగొంతు లేచింది. పైకి, ఇంకా పైకి. "చూశావా, ఎలా పెట్టిందో చెయ్యి!" అని అత్తయ్య వెక్కుతున్నారు. చొక్కాకి మైకు పెట్టుకున్నవాడి ముందు నిజం చెప్పినా దాని మీద ఒక పాట వేసేస్తే సరిపోయిందన్నమాట. ఏడుద్దామనుకున్నాను గానీ ఏడుపు రాలేదు. గువ్వ ధార కింద చెయ్యి పెట్టుకుని మెల్లగా ఊగుతోంది. నేను వాళ్ళకి చెప్పాల్సిందేమీ మిగల్లేదనిపించింది. చెప్పిన కొద్దీ అది అతనిదైపోతోంది. అక్కడే, ఆ బోర్లించిన బకెట్టు మీదే కూర్చుని దుకాణం యజమానురాలికి ఫోన్ చేశాను.

మర్నాడు పొద్దున టీ గ్లాసు పక్కన నీలం నోటుపుస్తకం తెరుచుకుంది. "ఊఁ, నిన్న ఏం జరిగింది?" అన్నాడు, ఏమీ జరగనట్టే.

గువ్వకి జడ వేయడం అయింది. రేకు డబ్బా, బ్లేడు, బీరువాలోని రెండు కొత్త గౌన్లు తెచ్చి ఆ నోటుపుస్తకం మీద పెట్టాను.

"దుకాణంలో ఇవాళ్టి నుంచి నాకు పూర్తి రోజు" అన్నాను. "ఒంటిగంటకి దీన్ని మీరే తీసుకురావాలి. ఐదు నిమిషాలు ముందే వెళ్ళండి, ఆలస్యమైతే కొరుక్కుంటుంది. గేటు దగ్గర మీ చెయ్యి వాసన చూస్తుంది. ముక్కు రుద్దుకుంటుంది కూడా. లాక్కోకండి, ఎన్నిసార్లు చూస్తే అన్నిసార్లు చూడనివ్వండి. నేనొచ్చేసరికి ఏడు దాటుతుంది."

"ఏడా? ఏడున్నరకి సీరియల్..." అని ఆగిపోయాడు. గౌన్ల వైపు చూశాడు, బ్లేడు వైపు చూశాడు. తర్వాత అతనికి అన్నిటికన్నా ముఖ్యమైనది గుర్తొచ్చింది. "మరి రేపటికి సీన్?"

నేను చెప్పులు వేసుకున్నాను. గువ్వ నా చెయ్యి వాసన చూసి చెంపకి ఆనించుకుంది.

"ఏం జరిగిందో రేపు పొద్దున మీరు చెప్పండి" అన్నాను. "నేను టీ తాగుతూ వింటాను."