కినాకో ఎవరికి చెయ్యెత్తింది

కినాకో తిండి మానేసింది. పుట్టి ఏడాదైనా నిండని గడ్డం డ్రాగన్ అది. వేయించిన సోయాపిండి రంగులో ఉండే బల్లి కనుక నవోయా దానికి ఆ పిండి పేరే పెట్టుకున్నాడు. వాడుండగా మేతకు తెచ్చే కీచురాళ్ళ డబ్బా చప్పుడైతే చాలు, గాజుపెట్టెలో అంతెత్తున లేచి నిలబడేది. ఇప్పుడు కీచురాయి ముక్కు మీద పాకినా కళ్ళు తెరవదు. గడ్డం నల్లబడి, తోక సన్నబడి, దీపం కింద పడేసిన గుడ్డముక్కలా ఉంటోంది.

నవోయా చలికాలానికి ముందు చేపల పడవ మీంచి సముద్రంలో పడి చనిపోయాడు. వాడు చేతుల్లో పెట్టుకు పెంచిన ప్రాణి ఇదొక్కటే మిగిలింది వాడి తల్లి సెత్సుయోకి. ఇదీ పోతే వాడు రెండోసారి పోయినట్టే. కూతురు కజుహా లేదా అంటే ఉంది. కానీ బతికున్నవాళ్ళను లెక్కలోకి తీసుకునే స్థితిలో ఆమె లేదు. ఆ సంగతి కజుహాకీ తెలుసు.

అంత్యక్రియలయ్యాక సెత్సుయో గాజుపెట్టెను మేడ మీంచి దించి, కింది గదిలోని బుద్ధుడి మందిరానికి ఎదురుగా చాప మీద పెట్టించింది. ఆ తీరంలో మందిరాలంటే మాటలా! మనిషెత్తు ఉంటాయి. లోపలంతా బంగారు రేకు, కింది అర తలుపులకు నల్లటి లక్క పూత. రోజూ పొద్దున్నే వండిన అన్నం మొదట అక్కడ పోయినవాళ్ళకు పెట్టి, గంట కొట్టి, మెత్తటి గుడ్డతో ఆ నల్ల తలుపులు తుడవడం ఆమె అత్తగారి దగ్గర నేర్చుకున్న పని. అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంతలా తుడిచేది. కొడుకు పోయాక రోజుకు ఎన్నిసార్లు తుడిచేదో ఆమెకే తెలియదు.

అలా తుడిచి పక్కకు జరిగిన ఒక పొద్దున, కినాకో మందిరం వైపు చూస్తూ ముందుకాలు ఎత్తి, గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిప్పింది. మర్నాడూ తిప్పింది. సెత్సుయోకి ఒళ్ళు జలదరించింది. నవోయా పడవెక్కి రేవు దాటేటప్పుడు అచ్చం అలాగే చెయ్యి ఊపేవాడు. ఆమె భయపడలేదు, సంతోషించింది. అప్పట్నుంచి ఆ చెయ్యెత్తడం కోసమే కాచుకుని కూర్చునేది. తనూ భోజనం మరిచిపోయేది.

బల్లి చిక్కిపోతోందనీ, డాక్టరుకి చూపిద్దామనీ కజుహా పోరింది.

"చూపించు. పెట్టె మాత్రం అక్కణ్ణుంచి కదపకే. వాళ్ళిద్దరూ పలకరించుకుంటున్నారు."

"దానికి అన్నయ్య కనిపిస్తున్నాడంటావు."

"కనబడకపోతే ఎవరికి ఊపుతోంది, నీకా?"

కజుహా కినాకోను వెచ్చటి గుడ్డలో చుట్టుకుని, పెట్టె ముందు ఫోన్‌లో తీసిన వీడియో కూడా పట్టుకుని తల్లితో కలిసి వెళ్ళింది. పొట్టలో పురుగుల్లేవనీ, దీపమూ వేడీ సరిగ్గానే ఉన్నాయనీ డాక్టరమ్మ చెప్పింది. వీడియో చూశాక మాత్రం ఆగి, మళ్ళీ మొదట్నుంచి పెట్టించింది.

"చిన్నవి తమకంటే బలమైనదాన్ని చూసి భయపడితే ఇలా చెయ్యెత్తుతాయండీ. నన్నేం చెయ్యొద్దు, నీకు లొంగిపోయాను అని. ఎదురుగా ఇంకోటుందా?"

ఉంది. అద్దంలాంటి నల్లటి లక్కలో, చీకట్లోంచి తనవైపే గుడ్లప్పగించి చూస్తున్న ఇంకో బల్లి. పగలంతా ఎటూ పోకుండా అక్కడే ఉంటుంది. అలాంటిది ఎదురుగా ఉంటే మెతుకు ఎలా దిగుతుంది?

దారి పొడుగునా సెత్సుయోకి అదే తలపు. తను తుడిచిన కొద్దీ అది ఇంకా స్పష్టంగా కనబడింది. ప్రాణాలతో వదిలెయ్యమని అది బతిమాలుకుంటుంటే, తను ఎదురుగా కూర్చుని మురిసిపోయింది. ఇంటికి రాగానే పెట్టెను తనే వంటింట్లోకి లాక్కుపోయింది. కజుహా సాయానికొస్తే వద్దని కసిరింది.

తర్వాత కొన్నాళ్ళకు కినాకో ఆకుకూర కొరికింది. ఆపైన కీచురాయిని పట్టింది. గడ్డం మళ్ళీ సోయాపిండి రంగుకు తిరిగింది. కజుహా ఆనందం పట్టలేక తల్లిని కౌగిలించుకుంది. సెత్సుయో నవ్వింది గాని, ఆమె మనసు ఇంకా మందిరం గదిలోనే ఉంది.

ఓ పొద్దున కజుహా పనికి వెళ్ళాక ఆమె నల్ల తలుపులకు దుప్పటి కప్పింది. ఎక్కడా మెరుపు కనబడకుండా అంచులు దోపింది. కినాకోను అరచేతిలో పెట్టుకుని, పాత చోటే కూర్చుంది.

"ఇప్పుడు చూడమ్మా. ఉన్నాడా?"

కినాకో తలెత్తి చూసింది. ఎంతసేపు కూర్చున్నా కాలెత్తలేదు. దానికి ఏ భయమూ లేదు. ఆ గదిలో ఎవరూ లేరు.

కొడుకు పోయిన రోజున రాని ఏడుపు సెత్సుయోకి అప్పుడొచ్చింది. కినాకో ఆమె బొటనవేలిని నాలుకతో ఒకసారి తాకి, మళ్ళీ తాకింది. దానికి ఆకలేస్తోంది. ఆమె ఏడుస్తూనే లేచి, కీచురాళ్ళ డబ్బా కోసం వంటింట్లోకి వెళ్ళింది.