ఆర్కిడ్‌కు తీసిన దిష్టి

కాడ విరిగినప్పుడు పెద్ద చప్పుడేం రాలేదు. బెండకాయ ముదిరిందో లేదో చూడటానికి కొస విరుస్తమే, అంత. ఏడు మొగ్గలతో కింద పడ్డది. మూడేండ్లు ఆకులు తప్ప ఏమీ ఇయ్యని ఆర్కిడ్, సరిగ్గా మా బిడ్డ హారిక ఓణీల ఫంక్షన్ ముందర మొగ్గ తొడిగిందని వాడంతా చెప్పుకున్న.

విరిచింది నేనే. మొగ్గలన్నీ ఒక్క ఫొటోలో పడాలని కాడను ఫోన్ దిక్కు తిప్పిన. అరగంట ముందే నీళ్లు పోసిన. "నీళ్లు పోసిన రోజు కాడను ముట్టుకోకక్కా, నిండుగుంటది, పుటుక్కుమంటది" అని స్నేహలత ముందే చెప్పింది.

స్నేహలతది మాకు రెండిండ్ల అవతల. జూనియర్ కాలేజీలో బాటనీ చెప్తది. బొగ్గులు, ఇటుక ముక్కలు వేసిన కుండీలో ఈ మొక్కను పెట్టి నాకిచ్చింది ఆమెనే. పెండ్లై పదకొండేండ్లు, పిల్లలు లేరు. ఈ సంగతి నేను గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు. మా అత్తమ్మ రోజుకోసారి చెప్తది.

ఆ అత్తమ్మ వరండాలోకి వచ్చేసరికి నేను ఫోన్ చూసుకుంట నిలబడ్డ.

"ఏమైందే రాజేశ్వరీ?"

"ఏమో అత్తమ్మా. చూసేసరికి ఇట్లున్నది."

పెండ్లైన కొత్తల ఒక ఆవకాయ జాడీ పగలగొట్టిన. పంతొమ్మిదేండ్లయింది. ఇప్పటికీ కొత్త చుట్టాలకు అత్తమ్మ నన్ను చూపిస్తే, నా పేరుకన్న ముందు ఆ జాడీ వస్తది. ఇంకో పంతొమ్మిదేండ్లు ఆర్కిడ్ మొయ్యాలని నాకు లేదు.

"నిన్న దీని కాడికి ఎవరొచ్చిండ్రు?"

"స్నేహలత."

ఆ పొద్దు నేను ఆడిన మొదటి నిజం అది.

"మొగ్గలు లెక్కపెట్టిందా?"

"పెట్టింది."

"ఇంకేంది మరి. వొట్టి కడుపు మంట కండ్లల్లకు రాదా?" అని అత్తమ్మ లోపలికి పోయి గుప్పెడు దొడ్డుప్పు తెచ్చింది. మొక్క చుట్టూ మూడుసార్లు తిప్పింది. దిష్టి తీసిన ఉప్పు ఎవరైనా నీళ్లలో వేస్తరు. కానీ దిష్టి మొక్కది కాబట్టి మొక్క మొదట్లోనే కరగాలని అత్తమ్మకు అప్పుడే తోచింది. కుండీలో పోసి, పైన చెంబెడు నీళ్లు పోసింది. మూడు రోజులు అట్లనే చేసింది.

ఉప్పు పోస్తే చస్తదని నాకు తెలుసు. అన్ననుకో, మరి కాడ ఎట్ల విరిగిందని అడుగుతది. అందుకే పక్కన నిలబడి చెంబు అందించిన.

వారానికి ఆకులు ముడతలు పడ్డయి. స్నేహలతకు ఫోన్ చేసిన.

"బొగ్గుల మీద తెల్లగ పేరుకున్నదా?" అన్నది. "మొక్కను బయటికి తియ్యి. వేర్లు మంచినీళ్లల్ల రెండు మూడుసార్లు కడుగు. మెత్తబడ్డయి కత్తిరించు, కత్తెర జర మంట మీద పెట్టి. కొత్త బొగ్గులెయ్యి. విరిగిన కాడ కొసకు దాల్చినచెక్క పొడి అద్దు, వేర్లకు తాకనియ్యకు."

అన్నీ గ్యాస్ బిల్లు వెనుక రాసుకున్న.

"అది ఉప్పేగా అక్కా? ఎవరేసిండ్రు?"

"అత్తమ్మ. దిష్టి తీసింది."

"ఎవరి దిష్టి?"

నేను గ్యాస్ బిల్లును నాలుగు మడతలు పెట్టిన. ఆమెనే మళ్లీ అడిగింది.

"కాడ విరిగిన రోజు నీళ్లు పోసినవా?"

"పోసిన."

"సరే," అన్నది. గొంతు పెంచలే, తిట్టలే. తిడితే నాకు కొంచెం ఆసరా అయ్యేది. "అత్తమ్మకు చెప్పక్కా. మంది ఏమనుకుంటే నాకేం ఫికర్ లేదు. హారిక ఫంక్షన్‌కు మాత్రం రావాలని ఉన్నది. దానికి ఏడేండ్లప్పటి సంది ట్యూషన్ చెప్పిన."

"చెప్త," అన్న.

మొక్కను ఆమె చెప్పినట్టే కడిగిన. నాలుగు వేర్లు మిగిలినయి. ఆ మధ్యాహ్నమే అత్తమ్మ బొట్టు పెట్టి పిలవాల్సిన ఇండ్లు వేళ్ల మీద చెప్పుకుంటాంది. మా దగ్గర ఆడవాళ్లను కార్డు ఇచ్చి పిలిస్తే పిలిచినట్టు కాదు. ఇంటికి పోయి నుదుట బొట్టు పెట్టాలె.

"స్నేహలత?" అన్న.

"పిల్ల మీద ఆమె కండ్లు పడాల్నా?"

"అత్తమ్మా, ఆ కాడ..."

"ఏంది?"

అత్తమ్మ వేలు మడిచి పట్టుకొని నా మొహం దిక్కే చూస్తాంది. నాకు జాడీ కనబడ్డది.

"ఏం లేదు. మొక్కకు కొత్త వేరు వస్తాంది."

"చూసినవా. తీయంగనే పోయింది," అన్నది అత్తమ్మ, నిమ్మళంగ.

శుక్రవారం పొద్దున కుంకుమ భరిణె నా చేతిల, అక్షింతలు అత్తమ్మ చేతిల. బొట్టు పెట్టనీకి వస్తున్నమని వాడంతా తెలుసు. మొదటింట్లో పెట్టినం, చాయ్ తాగినం. బయటికి వచ్చేసరికి స్నేహలత తన గేటు దగ్గర నిలబడి ఉంది. వాకిలి కడిగి ముగ్గేసింది. కాలేజీకి పోలేదు. తలకు పోసుకొని, నుదురు మీద వెంట్రుకలు వెనక్కి దువ్వింది.

నన్ను చూసి నవ్వింది. చెప్పినవు గదా అన్నట్టే నవ్వింది. ఒక అడుగు గేటు బయటికి వేసి, తల కొంచెం ముందుకు వంచింది.

అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకున్నది. గట్టిగ కూడా పట్టుకోలే. ఇడిపించుకోవాలంటే ఇడిపించుకోవచ్చు.

నేను భరిణెకు మూత పెట్టి, "సుగుణక్కా, ఉన్నవా?" అనుకుంట ఆమె పక్కింటి గేటు తీసిన.