వందలో ఐదు నిటారుగా

ఇస్త్రీ చేస్తూనే, మధ్యమధ్యలో పెట్టె పక్కన నిలబెట్టి, రేపటి కెమిస్ట్రీ క్లాసుకి లెక్క చేసుకుంటున్నాను. ఇక్కడి కాలేజీలో నాది గంటల లెక్కన జీతం. వేరే ఊరి కాలేజీలో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. వస్తానో రానో సాయంత్రంలోగా ఆ ప్రిన్సిపాల్‌కి చెప్పాలి. “ఎందుకొచ్చిన గొడవ? నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారు?” అని ఈయన పొద్దున్నే తేల్చేశారు. “ఇన్నాళ్ళూ సర్దుకుపోయింది, ఇప్పుడేం పుట్టింది?” అన్నారు అత్తగారు. మెచ్చుకోలే అనుకోవాలి.

సైక్లోహెక్సేన్ అంటే ఆరు కార్బన్ల ఉంగరం, వాలుకుర్చీలా వంగి ఉంటుంది. దానికి ఒక మిథైల్ గ్రూపు తగిలిస్తే అది పక్కకి చాచుకుని హాయిగా ఉండొచ్చు, లేదా నిటారుగా నిలబడొచ్చు. నిలబడితే చుట్టుపక్కల వాళ్ళ మోచేతులు తగులుతాయి, అందుకని శక్తి ఎక్కువ కావాలి. ఆ తేడానీ ఉష్ణోగ్రతనీ సూత్రంలో వేస్తే, వందలో ఎన్ని ఎలా ఉంటాయో తేలుతుంది.

నిటారుగా ఉన్నవి సున్నా అని వచ్చింది. వింతేముందిలే అనుకుని చొక్కా తిరగేశాను. నమ్మేశాను కూడా.

కాలరు దగ్గరికి వచ్చాక తట్టింది. ఉష్ణోగ్రత ఇరవై ఐదని వేసేశాను, కెల్విన్లలోకి మార్చనే లేదు. పిల్లలు చేస్తే చీవాట్లు పెట్టే తప్పు. ఇరవై ఐదు కెల్విన్లంటే సున్నా డిగ్రీలకి దాదాపు రెండొందల యాభై కింద. అంత గడ్డకట్టే చలిలో ఎవరు మాత్రం లేచి నిలబడతారు? ఈ గదిలో ఉన్న మామూలు వేడి వేసి మళ్ళీ చేశాను. తొంభై ఐదు పక్కకి, ఐదు నిటారుగా.

ఆ ఐదూ ఎప్పుడూ అవే కావు. ప్రతి ఉంగరమూ సెకనుకి లక్షసార్ల దాకా అటూ ఇటూ తిరగబడుతూనే ఉంటుంది. సీసాలో కదలకుండా, బుద్ధిగా కనిపించే ఆ ద్రవంలో, తన వంతు లేచి నిలబడని అణువంటూ ఒక్కటీ లేదు. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పాను, ఒక్కనాడూ ఇలా చూడలేదు. ఎంత అద్భుతం తల్లీ ఇది, అని పైకే అన్నాను. కళ్ళు తుడుచుకుని స్విచ్చి ఆపేశాను.

“చొక్కా అయిందా?” అంటూ ఈయన వచ్చేసరికి ఫోన్ నా చెవి దగ్గరుంది. గొంతు తగ్గించలేదు.

“నమస్కారం సార్. వస్తున్నానండీ.”

ప్రిన్సిపాల్ సంతోషించి, ఫ్యామిలీకి సరిపడా ఇల్లు చూసిపెట్టమంటారా అని అడిగారు.

“వద్దండీ,” అన్నాను. “ఒక్కదానికి గది చాలు.”